ముప్పై వేల హెల్మెట్ కొంటే తలకు ఎక్కువ భద్రతా?

హన్మకొండ 350: అన్నలూ, కొత్త బండి తీసుకున్నాను. రోజూ నయీంనగర్ నుంచి కాజీపేట, వీలైనప్పుడు మా ఆవిడతో ములుగు దిక్కు. షాపులో పదిహేను వందల నుంచి ముప్పై వేల దాకా హెల్మెట్లు చూపించారు. అంత పెట్టడం దండగా, అవసరమా?

ఓరుగల్లు రైడర్: తల కంటే డబ్బు ఎక్కువా తమ్ముడూ? బండికి రెండు లక్షలు పెట్టినవాడివి హెల్మెట్ దగ్గర లెక్కలు చూడొద్దు. విదేశీ భద్రతా గుర్తు ఉన్నదే తీసుకో. రోడ్డు పక్కన అమ్మేవి చలాన్ తప్పించుకోవడానికే పనికొస్తాయి.

కాజీపేట జంక్షన్: రోడ్డు పక్క సరుకు గురించి అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ధర పెరిగినకొద్దీ భద్రత పెరుగుతుందన్న మాట నేను ఒప్పుకోను.

దెబ్బను ఆపడంలో ముఖ్యమైన పని చేసేది పైన మెరిసే చిప్ప కాదు, లోపలున్న మందపాటి గట్టి థర్మాకోల్. తల నేలకు తగిలినప్పుడు అది నలిగిపోయి ఆ దెబ్బను తాను తీసుకుంటుంది. ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు. అందుకే పడ్డ హెల్మెట్‌ను మార్చేయాలంటారు. రెండు మూడు వందల హెల్మెట్ లోపలి గుడ్డ పక్కకు జరిపి బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా స్పాంజి, దాని వెనకే ప్లాస్టిక్. అది టోపీ, అంతే.

2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ అమ్మడమే చట్టవిరుద్ధం. అయినా దొంగ స్టిక్కర్లు అతికించేవాళ్లున్నారు. గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని ఒక నంబరు ఉంటుంది. దాన్ని ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి లైసెన్సో తెలుస్తుంది. షాపు ముందు నిలబడే చూసుకోవచ్చు.

ఇక ఖరీదు సంగతి. బ్రిటన్ ప్రభుత్వం 2007 నుంచి షార్ప్ అనే పథకం కింద హెల్మెట్లను పరీక్షించి స్టార్లు ఇస్తోంది. అందులో చవక రకాలు కొన్ని ఐదు స్టార్లు తెచ్చుకున్నాయి, వాటికి ఎన్నో రెట్లు ధర ఉన్నవి కొన్ని వెనకబడ్డాయి. విదేశీ గుర్తులన్నీ ఒకటి కాదు కూడా. అమెరికా డాట్ గుర్తు ప్రభుత్వం ముందే పరీక్షించి ఇచ్చేది కాదు, కంపెనీయే వేసుకుంటుంది. యూరప్‌వాళ్ల ఈసీఈ 22.06 మాత్రం గట్టిది. తల ఏటవాలుగా తగిలి మెలితిరిగే దెబ్బను కూడా అందులో పరీక్షిస్తారు. ఆ గుర్తు ఉన్నవి మన దగ్గర ఐదారు వేలకే వస్తున్నాయి. అది దాటాక పెట్టే డబ్బులో ఎక్కువ భాగం తేలికదనానికి, గాలి ఆడటానికి, కంపెనీ పేరుకు.

అసలు నన్ను బాధపెట్టేది వేరే ఉంది. మన దగ్గర బండి నడిపే ఆయనకు హెల్మెట్ ఉంటుంది, వెనక కూర్చున్న ఆమె తల మీద కొంగు ఉంటుంది. కోతలప్పుడు రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. చీకటి పడ్డాక నలభై స్పీడులో వచ్చినా బండి జారుతుంది. అప్పుడు ఇద్దరూ కిందే పడతారు. మోటారు వాహన చట్టం 129వ సెక్షన్ కూడా వెనకవాళ్లకు మినహాయింపు ఇవ్వలేదు. హెల్మెట్ పెట్టుకుంటే చనిపోయే ప్రమాదం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ప్రమాదం 69 శాతం తగ్గుతాయని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ తేడా హెల్మెట్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్యది, ఖరీదైనదానికీ మామూలుదానికీ మధ్యది కాదు. ముప్పై వేలు ఒక్క తల మీద పెట్టి రెండో తలను వదిలేయడం నా దృష్టిలో తప్పు.

ఓరుగల్లు రైడర్: రెండో తల మాట నిజమే, నేను ఆలోచించలేదు. కానీ మే నెలలో మన ఎండ తెలుసు కదా. బరువైన, గాలి ఆడని హెల్మెట్‌ను జనం అద్దానికి తగిలించుకొని పోతున్నారు. హాయిగా ఉన్నదైతే పెట్టుకుంటారు. అది భద్రత కాదా?

కాజీపేట జంక్షన్: అదీ భద్రతే అన్నా, కాదనను. రోజూ వందల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మెడ నొప్పి, చెవుల్లో గాలి హోరు చిన్న విషయాలు కావు. వాళ్లు అంత డబ్బు పెట్టగలిగితే పెట్టొచ్చు. నయీంనగర్ నుంచి కాజీపేట పోయే తమ్ముడికి మాత్రం సైజు సరిపోవడమే ముఖ్యం. చాలామంది వదులుగా ఉన్నదే సుఖమని కొంటారు. హెల్మెట్‌ను పట్టుకొని పక్కకు తిప్పితే దానితోపాటు బుగ్గల చర్మం కూడా కదలాలి. పట్టీ బిగించి వెనక అంచు పట్టుకొని ముందుకు లేపితే ఊడి రాకూడదు. ఊడితే ఎంత ఖరీదైనదైనా వద్దు. పడ్డప్పుడు మీకన్నా ముందు అదే దొర్లుకుంటూ పోతుంది.

హన్మకొండ 350: అర్థమైంది అన్నా. ఐదారు వేలలో ఇద్దరికీ చెరొకటి చూస్తాను. మా ఆవిడ సైజు నేనే చెప్పి తెచ్చేస్తే సరిపోతుందా?

కాజీపేట జంక్షన్: వద్దు తమ్ముడూ, ఆమెను వెంట తీసుకెళ్లు. కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ పైకి లేచి నుదురు బయటపడుతుంది. జడ కిందకు వేసుకొని చూసుకోమను, ఓ పది నిమిషాలు తీయకుండా ఉంచుకోమను. నుదుటి దగ్గర ఒక్కచోటే నొక్కితే ఆ మోడల్ ఆమె తలకు కుదరదు, ఇంకోటి అడగండి.