షో డబ్బుతో కొన్న బంతులు ఏడాదిగా సంచిలోనే ఉన్నాయి. ఈసారి ఏం చేస్తే బాగుంటుంది?

ఎనిమిదో కౌంట్:
మాది పెద్దవాళ్ల డాన్స్ గ్రూప్. వారానికి రెండు సాయంత్రాలు కలుస్తాం. ముప్ఫైల్లో ఉన్నవాళ్ల నుంచి అరవై దాటినవాళ్ల దాకా ఉన్నాం. నా డాన్స్ అంతంత మాత్రమే గానీ లెక్కలు నా చేతిలో ఉంటాయి కాబట్టి ఎవరూ ఏమీ అనరు. మా హాలు పక్కనే గ్రౌండ్. అక్కడ ఫీజు లేకుండా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తారు.

పోయినేడు వాళ్లకోసం ఒక షో చేశాం. టికెట్లు బాగానే పోయాయి. హాలు, సౌండ్, లైట్లు, డ్రెస్సులు అన్నీ పోను సగం కూడా మిగల్లేదు. మిగిలినదాంతో ఇరవై బంతులు, తెల్ల షార్ట్‌లు, వీపు మీద మా గ్రూప్ పేరు కొట్టించిన తెల్ల జెర్సీలు కొన్నాం. సర్‌ప్రైజ్ అని కోచ్ గారికి ముందు చెప్పలేదు. ఇచ్చాం, ఫొటోలు దిగాం, వచ్చేశాం.

మొన్న ఏదో పని మీద వాళ్ల సామాన్ల గదిలోకి వెళ్తే బంతులు వల సంచిలో అలాగే ఉన్నాయి. కొన్నిటికి కవరు కూడా తియ్యలేదు. అన్నీ 5 నంబరువి, అంటే పెద్దవాళ్లు ఆడే సైజు. అక్కడికొచ్చే పిల్లల్లో ఎక్కువమందికి పదేళ్లు కూడా లేవు! కోచ్ గారు మొహమాటస్తులు, ఏడాదిలో ఒక్క మాట అనలేదు. ఇప్పుడు మావాళ్లు మళ్లీ షో అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. డబ్బు సంగతి అలా ఉంచితే, డాన్స్ చేసేవాళ్లుగా మేం చేయగలిగింది ఏమన్నా ఉందా? చేసినవాళ్లుంటే చెప్పండి.

పాత గోలీ:
నేనూ పిల్లలకు కోచింగ్ ఇస్తాను. ఆయన ఎందుకు నోరు విప్పలేదో నాకు తెలుసు. ఒకసారి బాగోలేదంటే రెండోసారి ఎవరూ ఇవ్వరని భయం.

మామూలుగా ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు 3, పన్నెండు దాకా 4, ఆపైన 5. ఈ 5 నంబరు బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు. చిన్న పిల్లాడు దాన్ని గట్టిగా తన్నాలంటే ఒళ్లంతా వెనక్కి వాల్చాల్సిందే. ఆ అలవాటు పడితే మాన్పించడానికి నాకు సీజనంతా పడుతుంది. పెద్ద పిల్లలున్న టీమ్ ఏదైనా చూసి 4 నంబరు బంతులకు మార్చుకోండి, కొత్తవే కాబట్టి సంతోషంగా ఇస్తారు. ఇంకోటి, ఆయన్ని “ఏం కావాలి” అని అడగకండి, “ఏమీ వద్దండీ” అంటారు. “పోయిన నెల మీ జేబులోంచి ఏం కొన్నారు” అని అడగండి.

చప్పుడు లేకుండా:
డాన్స్ టీచర్‌ని. మూడేళ్లుగా ఒక ఫుట్‌బాల్ టీమ్ పిల్లలకు వార్మప్ నేనే చేయిస్తున్నాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మనకు బాగా వచ్చి, వాళ్లకు ఎవరూ నేర్పనిది ఒకటుంది: గాల్లోకి లేచాక కిందికి దిగడం. పిల్లలు ధబ్బుమని దిగుతారు, మోకాళ్లు ఒకదానికొకటి లోపలికి వాలిపోతాయి. మోకాలి కీలు మధ్యలో ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ (ఏసీఎల్ అంటారు) తెగేది చాలాసార్లు ఎవరో తన్నడం వల్ల కాదు, ఇలా దిగేటప్పుడో, పరిగెత్తుతూ ఠక్కున తిరిగేటప్పుడో. వయసొస్తున్న అమ్మాయిల్లో ఇది మరీ ఎక్కువ.

నేను చేసేది చిన్న పనే. తక్కువ ఎత్తు మెట్టు మీంచి ఒక్కొక్కరినీ దూకిస్తాను. మిగతావాళ్లు కళ్లు మూసుకుని చప్పుడు వినాలి. ముందు మునివేళ్లు, తర్వాత మడమ, మోకాలు పాదం వైపే వంగాలి. ఎవరి చప్పుడు వినపడకపోతే వాళ్లు గెలిచినట్టు. “మోకాలు సరిగ్గా పెట్టు” అని వందసార్లు చెప్పినా రానిది ఈ ఆటతో వచ్చేసింది.

మొత్తం సొంతంగా తయారు చేసుకోనక్కర్లేదు. 11 ప్లస్ అని ఫిఫా వార్మప్ ఉంది, పద్నాలుగు దాటినవాళ్లకి. 15 కసరత్తులు, 20 నిమిషాలు: 8 నిమిషాలు నెమ్మదిగా పరుగు, 10 నిమిషాలు బలం, గెంతులు, బ్యాలెన్స్, చివర 2 నిమిషాలు వేగంగా పరుగు. ఏడు నుంచి పదమూడేళ్ల వాళ్లకి వేరే కిడ్స్ పద్ధతి ఉంది, మీకు అదే సరిపోతుంది. వారానికి కనీసం రెండుసార్లు చేస్తేనే ఫలితం. కోచ్‌లు దీన్ని రెండో వారానికే వదిలేస్తారు, బోరు కాబట్టి. అక్కడే మన అవసరం. పాట పెట్టి ఎనిమిది కౌంట్లలో చేయించండి, పిల్లలే “ఇంకోసారి” అంటారు. మీ గ్రూప్ ఎలాగూ వారానికి రెండు రోజులు అక్కడే ఉంటుందిగా, ఓ అరగంట ముందు రండి.

లెఫ్ట్ వింగ్ వాళ్లమ్మ:
తెల్ల షార్ట్‌లన్నారు. అమ్మాయిలు కూడా ఉన్నారా అండీ? మా పాప పన్నెండేళ్లకు ఆట మానేసింది. కాలు నొప్పి అంది, కడుపు నొప్పి అంది. నాలుగు నెలల తర్వాత తెలిసింది, తెల్ల షార్ట్‌లో మరక పడుతుందేమోనని భయమట. ఇది పిల్లల గొడవే అనుకోకండి. ఇంగ్లండ్ మహిళల టీమ్ 2023లో తెల్ల షార్ట్‌లు మార్చుకుని నీలం వేసుకుంది. అంతా తెలుపే ఉండాలనే వింబుల్డన్ టెన్నిస్‌లో కూడా అదే ఏడాది నుంచి ఆడవాళ్లను లోపల ముదురు రంగు షార్ట్‌లు వేసుకోనిస్తున్నారు.

మీ గ్రూప్‌లో ఆడవాళ్లు ఎక్కువే ఉంటారు కదా. ప్రాక్టీస్ అయ్యేదాకా ఇద్దరు గ్రౌండ్‌లో కూర్చుంటే చాలు. ఒక సంచిలో ప్యాడ్‌లు, ఒక నల్ల షార్ట్ పెట్టుకోండి. కోచ్ మగవాడైతే అమ్మాయిలు ఆయనకు చెప్పరు, ఆయన ఎంత మంచివాడైనా సరే.

గజ్జెల సంచి:
షో మాత్రం మానకండి. వచ్చే జనం మీకోసం వస్తారు, వాళ్లలో నలుగురు ఆ పిల్లల్ని గుర్తుపెట్టుకుంటారు. పగటిపూట గ్రౌండ్‌లోనే పెట్టండి, లైట్లు, హాలు ఖర్చు ఉండదు. ఉన్న డ్రెస్సులే వేసుకోండి. లెక్క కాగితం మీద రాసి గోడకు అంటించండి.

ఎనిమిదో కౌంట్:
అందరికీ థాంక్స్. గోలీ గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. “గాలి కొట్టే సూదులు” అన్నారు! విరిగినప్పుడల్లా ఆయనే కొంటున్నారట. తర్వాత కాస్త ఆగి, “సాయంత్రం వాన పడితే మీ హాలు ఓ గంట వాడుకోవచ్చా” అన్నారు. ఏడాదిగా ఆ తలుపు ముందు నిలబడి తడుస్తున్నారు, మేం లోపల పాట పెట్టుకుని వాన చప్పుడు కూడా వినలేదు.

నిన్న మెట్టు ఆట మొదలుపెట్టాం. పిల్లలు గోల గోలగా దూకారు. మాలో అందరికంటే పెద్దావిడ చెప్పులు విప్పి, చీర కాస్త ఎత్తిపట్టుకుని దిగింది, గచ్చు మీద ఆకు పడినట్టు. కళ్లు మూసుకున్నవాళ్లు “ఇంకా దూకలేదా ఆంటీ?” అని అడుగుతున్నారు. నా వంతు వచ్చినప్పుడు మాత్రం కళ్లు తెరవకుండానే నవ్వారు.

బంతులు మార్చుకునే పని మీదే ఉన్నాను. ఒక్కటి చెప్పండి, ఆ తెల్ల షార్ట్‌లకు ఇంట్లో నల్ల రంగు వేస్తే నిలుస్తుందా? పాలిస్టర్‌వి.

లెఫ్ట్ వింగ్ వాళ్లమ్మ:
పాలిస్టర్‌కి మామూలు బట్టల రంగు పట్టదండీ, ఉతికితే బూడిద రంగులోకి వస్తుంది. అవి అబ్బాయిలకు ఇచ్చేయండి. అమ్మాయిలకు నల్లవి కొనండి, జేబున్నవి.