సమస్య: విషము కలిపిన వంటయే విందు మాకు

సభాపతి:
ఈ వారం సమస్య ఇదిగో. దీన్నే చివరి పాదంగా పెట్టి, పైన మూడు పాదాలు కట్టి పూరించండి.

విషము కలిపిన వంటయే విందు మాకు

రెండు నెలలుగా ఫ్రాన్సు పల్లెల్లో జరిగే వంటింటి హత్యల నవలలు వరసపెట్టి చదువుతున్నాను. నెత్తురు పెద్దగా కనబడదు. ఊరి సంత, రొట్టెల కొట్టు, ద్రాక్షతోట, ఇరవై మంది కూర్చునే భోజనాల బల్ల. నాలుగో అధ్యాయం దాటేలోపు ఎవరో ఒకరు పోతారు. చంపిందెవరో తేలేదాకా మిగిలినవాళ్ళు వండుకుంటూనే ఉంటారు. మొన్న రాత్రి పన్నెండింటికి ఒక పుస్తకం మూసేసరికి ఆకలి దంచేసింది. వంటింట్లో పెరుగన్నం కలుపుకుంటుంటే ఈ పాదం దానంతటదే వచ్చింది.

ఒక్క నియమం. పూరణ ఆ పల్లెల్లోనే ఉండాలి. శివుడు గరళం మింగాడని, పూతన పాలిచ్చిందని రాయదలచుకున్నవాళ్ళు వచ్చే వారం దాకా ఆగండి.

గోదారిగట్టు:
మొదటి పూరణ నాదే.

ఫ్రెంచి పల్లెల నవలల పేజి తిప్ప
బాతు మాంసము వేగును, బాకు మెరయు;
చావు కబురైన చవులూరు చదువరులము,
విషము కలిపిన వంటయే విందు మాకు.

వంటింటివాణి:
మూడో పాదం నోట్లో పెట్టుకుంటే కరిగిపోతోంది గట్టు గారూ. 'చావు కబురైన చవులూరు చదువరులము' అని మా ఆయనకు చదివి వినిపించాను. టీవీ ఆపి మరీ రెండోసారి చదివించుకున్నారు.

యతిమిత్ర:
మూడో పాదం బాగుంది, కాదనను. మొదటి పాదం మాత్రం చూడండి. 'ఫ్రెంచి' తీసేసి 'చైన' అని పెడితే యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదరాల్సిన పొత్తు) ఒక్కటే పోతుంది, పద్యానికి ఇంకే నష్టమూ లేదు. బాతు మాంసం ప్రపంచమంతా వేగుతుంది. సభాపతి గారు పూరణ ఆ పల్లెల్లో ఉండాలన్నారు. ఇందులో పల్లె పేరుకే ఉంది, ఊరు కనబడదు.

గోదారిగట్టు:
నేను రాసిన ప్రతి పద్యంలోనూ మీకు మొదటి పాదమే నచ్చదు. నిరుడు పిల్లి సమస్యకూ ఇదే మాట అన్నారు. సరే, మీ ఊరు చూపించండి, చూస్తాం.

యతిమిత్ర:
చూపిస్తాను. నవలల దాకా ఎందుకు, జరిగిన కేసే ఉంది. కొరేజ్ ప్రాంతంలో లెగ్లాందియె అనే పాత ఎస్టేటు. 1839 డిసెంబరులో మరీ లఫార్జ్ అనే ఇల్లాలు పారిస్‌లో ఉన్న భర్తకు కేకు పంపింది. అది తిని ఆయన జబ్బుపడ్డాడు. 1840లో ఆమె మీద ట్యూల్ పట్టణంలో విచారణ జరిగింది. స్థానిక రసాయన పరీక్షకుల మాటలు ఒకదానికొకటి పొసగలేదు. చివరికి పారిస్ నుంచి విషశాస్త్రజ్ఞుడు ఓర్ఫిలా వచ్చి శవంలో పాషాణం (ఆర్సెనిక్) ఉందని తేల్చాడు. అందుకు వాడిన మార్ష్ పరీక్ష అప్పటికి నాలుగేళ్ళ పిల్ల, 1836లో వచ్చింది. నమూనా నుంచి పుట్టించిన ఆవిరిని వేడి చేస్తే, అందులో పాషాణం ఉంటే, చల్లటి పింగాణీ మీద అద్దంలా మెరిసే నల్లటి పొర కడుతుంది. కేకు దగ్గర మొదలైన కథ ఆ పింగాణీ పళ్ళెం మీద తేలింది. వంటింటి హత్య అంటే ఇదీ.

భార్య పంపిన కేకుతో భర్త చచ్చె;
మార్షు పద్ధతి పాషాణ మరసి చూపె;
పాత దస్త్రాల చదువులో వంట రుచులు!
విషము కలిపిన వంటయే విందు మాకు.

పాతపంతులు:
కేసు చెప్పిన తీరుకు నమస్కారం. పద్యానికి రెండు మాటలు.

మొదటిది, భర్త కేకుతో చావలేదు. పారిస్‌లో కడుపులో తిప్పింది, వాంతులయ్యాయి. ఇంటికి చేరాక, ఆమె చేతి పథ్యం తింటూ తాగుతూ, 1840 జనవరి 14న పోయాడు. 'కేకుతో భర్త చచ్చె' అంటే కేసులో సగం ఎగిరిపోయింది. నెమ్మదిగా, రోజుకింత చొప్పున, సేవ చేస్తున్నట్టే పెట్టడం, అందులోనే ఉంది భయమంతా.

రెండోది రెండో పాదం. మా - మ అని యతి వేశారు. ఆ 'మరసి' ఎక్కడిది? పాషాణము + అరసి. ఉత్వసంధి. అక్కడ యతి చెల్లవలసింది అచ్చుకు, అంటే 'అ'కు. 'మ' వెనకటి పదం తాలూకు ముక్క. 'మా'కు 'అ'తో మైత్రి లేదు. యతిమిత్ర అనే పేరు పెట్టుకున్నవారి పద్యంలో ఇది చూడాల్సి వస్తుందనుకోలేదు.

గోదారిగట్టు:
పంతులు గారూ, మీ కాళ్ళకు దండం.

యతిమిత్ర:
తప్పే. రాసేటప్పుడు చెవికి 'మ' వినబడింది, కలం ఆగలేదు. దిద్దుతున్నాను.

మార్షు పద్ధతి పాషాణ మహిమఁ దెలిపె

ఇప్పుడు సమాసం, మా - మ యతి నిలబడుతుంది. కేకు సంగతి కూడా ఒప్పుకుంటున్నాను, కానీ మొదటి పాదం మార్చను. నాలుగు పాదాల్లో కథంతా పట్టదు.

వంటింటివాణి:
మీరు కోర్టుల్లో ఉండండి, నేను పొయ్యి దగ్గరికి వెళ్తున్నాను. ఈ నవలల్లో నాకు బాగా పట్టుకున్న వంట కాసులే. కాస్తెల్నోదరి, కార్కసొన్, తూలూజ్, మూడు ఊళ్ళూ అసలుది మాదంటే మాదని కొట్టుకుంటాయి. తెల్ల చిక్కుడు గింజలు, బాతు కాళ్ళు, పంది మాంసం, సాసేజి. అన్నీ మట్టి మూకుట్లో పెట్టి సన్నని వేడి మీద గంటలకొద్దీ ఉంచుతారు. పైన పెచ్చు కడుతుంది. దాన్ని చెంచాతో విరిచి లోపలికి నొక్కాలి, మళ్ళీ కడుతుంది, మళ్ళీ విరవాలి. ఏడుసార్లు అంటారు పాతకాలం వాళ్ళు. అది చదివినప్పుడు మా అమ్మమ్మ దాలి మీద పాలు కాగబెట్టడం గుర్తొచ్చింది. మీగడ మీద వేలి గుర్తు పడితే చాలు, ఎవరు ముట్టారో ఆవిడకు తెలిసిపోయేది.

తెల్ల చిక్కుడు గింజలు తిన్నగుడుక
ఏడు మారులె పైపెచ్చు నింతి విఱుచు;
ఎనిమిదవ గంటు దొరికిన నెవరి పనియొ?
విషము కలిపిన వంటయే విందు మాకు.

పాతపంతులు:
అమ్మా, ఎనిమిదవ గంటు! ఒక నవల మొత్తం ఆ పాదంలో ఉంది. వండినావిడ ఏడుసార్లే విరిచింది, ఎనిమిదోది ఎవరిదో కనుక్కుంటే హంతకుడు దొరుకుతాడు. పాఠకుడికి ఆధారం ముందే చూపించి, కూర అనుకుని దాటిపోయేలా చేయడమే ఈ రకం నవలల విద్య. మీరు దాన్ని నాలుగు పాదాల్లో చేశారు.

యతిమిత్ర:
భావం నాకూ నచ్చింది. మొదటి పాదం చివర 'ఉడుక', రెండో పాదం మొదట 'ఏడు'. విసంధి, అంటే కలవాల్సిన రెండు మాటలు కలవలేదు. కలిపితే 'ఉడుక నేడు' అవుతుంది, అప్పుడు 'నేడు' అంటే ఇవాళ అనుకునే ప్రమాదం ఉంది. రెండువైపులా గొయ్యే.

వంటింటివాణి:
అక్కడ ఊపిరి ఆపాను కాబట్టే వదిలేశాను మిత్ర గారూ. గింజలు ఉడికేదాకా ఆగాలి కదా.

కొత్తకలం:
అందరికీ నమస్కారం. నాకిది రెండో పద్యం. తప్పులుంటే చెప్పండి, నేర్చుకుంటాను. ఫ్రాన్సులో అడవి నుంచి తెచ్చిన పుట్టగొడుగుల్ని మందుల షాపులో చూపిస్తే, ఏవి తినొచ్చో చెబుతారని చదివాను. అది నాకు భలే నచ్చింది.

పుట్టగొడుగులు బుట్టలో పోసి తెచ్చి
మందు షాపున చూపగా మంచివనెను;
తిన్న మరునాడు కాలేయం దెబ్బతినెను!
విషము కలిపిన వంటయే విందు మాకు.

యతిమిత్ర:
'కాలేయం' మూడు గురువులు, అంటే మూడూ బరువు అక్షరాలే. గణం, అంటే ఆ చోట పట్టాల్సిన అక్షరాల కొలత, పోయింది.

పాతపంతులు:
మిత్ర గారూ, కొత్తగా వచ్చినవాళ్ళకు దారి కూడా చూపించాలి. బాబూ, 'కార్జం' అనే మన మాట ఉంది, 'కార్జము' అంటే గణం సరిపోతుంది. ఇక 'మరునాడు' సంగతి. డెత్ క్యాప్ అనే చావు గొడుగు జాతిలో విషం ఉడికించినా చావదు. తిన్నాక ఆరు నుంచి పన్నెండు గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సేపు, ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆపైన తగ్గినట్టే ఉంటుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు. కార్జం పాడైన సంగతి ఆ తర్వాత బయటపడుతుంది. అందుకని,

తిన్న మూన్నాళ్ళఁ గార్జము దెబ్బతినెను

అని చూడండి. గణమూ కుదిరింది, వైద్యమూ కుదిరింది. ఒక ప్రశ్న మాత్రం మిగిలింది. షాపువాడు మంచివన్నాక విషం ఎక్కడిది?

కొత్తకలం:
ధన్యవాదాలు మాస్టారూ. కార్జం మా నానమ్మ మాట, పద్యంలో పనికొస్తుందని తట్టలేదు. షాపు నుంచి ఇంటికి వచ్చే దారిలో బుట్టలో ఇంకొకటి చేరింది. ఎవరు వేశారన్నదే కథ. అది పద్యంలో పట్టలేదు.

తూలూజ్‌తమ్ముడు:
ఇక్కడికి వచ్చి ఆరేళ్ళయింది. ఈ నవలల్లోని ఊళ్ళు నేను కారులో తిరిగేవే, అందుకే ఆగలేకపోయాను.

చలికాలంలో మంగళవారం మధ్యాహ్నం లాల్‌బెంక్ అనే చిన్న ఊళ్ళో ట్రఫుల్ (మట్టి లోపల పెరిగే వంట పుట్టగొడుగు) సంత జరుగుతుంది. వీధి పొడవునా బెంచీలు, వాటి మీద బుట్టలు, బుట్టల్లో గళ్ళ గుడ్డలు. అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ మధ్య ఒక తాడు. ఒకాయన నా చేతికి ఒకటి ఇచ్చాడు. నిమ్మకాయంత ఉంది, నల్లగా, గరుకుగా, సందుల్లో ఇంకా మట్టి. తడిసిన అడవి వాసన. ఇంటికొచ్చాక కూడా చేతులకు ఆ వాసన పోలేదు. అది ఓక్ చెట్ల వేళ్ళ దగ్గర మట్టిలో పెరుగుతుంది. పూర్వం పందుల్ని తిప్పేవారు. అవి కనిపెట్టి తామే తినేస్తుండటంతో కుక్కలకు నేర్పారు. చైనా నుంచి వచ్చే ఇంకో జాతి చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, వాసనే తక్కువ. దాన్ని దీని పేరుతో అమ్మే మోసాలు నిజంగానే జరిగాయి. నవలల్లో సగం హత్యలకు అదే కారణం. ఇంకో మాట, పల్లెల్లో హత్య జరిగితే వచ్చేది పల్లె పోలీసులైన జాందార్మ్‌లు, కేసు నడిపేది దర్యాప్తు న్యాయమూర్తి. నవలల్లో మాత్రం రొట్టెలమ్మే ఆవిడ ముందుంటుంది.

ఊళ్ళో అందరికీ వండిపెట్టే పెద్దావిడ మీద అనుమానం వస్తే, ఊరివాళ్ళు అనే మాటగా రాశాను.

కుక్క పసిగట్టి చూపిన కుక్కగొడుగు
వేడి గుడ్లట్టుపైఁ జల్లి వెన్న రాచి
పెట్టు తల్లిని శంకింపఁ బెద్ద తప్పు;
విషము కలిపిన వంట యే విందు మాకు?

సభాపతి:
విరుపు! 'వంటయే'ను విడగొట్టి అర్థమే మార్చేశావు. వంట, ఏ విందు! ఆవిడ మాకు పెట్టిన ఏ విందులో విషం కలిపిన వంట ఉందయ్యా అని ఊరు ఊరంతా అడుగుతోంది. సమస్య ఇచ్చినప్పుడు ఇది నా కంటికే కనబడలేదు. దాని మీద కుక్క చూపిన కుక్కగొడుగు. తమ్ముడూ, ట్రఫుల్‌కు ఇంతకంటే తెలుగు ఎవరూ చేయలేరు.

యతిమిత్ర:
వంట + ఏ, యడాగమం వచ్చి వంటయే. అవధారణ అయినా ప్రశ్న అయినా సంధి ఒకటే, కాబట్టి విరుపు నిర్దుష్టం. ఈ ఏడాది ఇక్కడ వచ్చిన మేలైన పూరణ ఇది.

గోదారిగట్టు:
ఆగండి మిత్ర గారూ. నిరుడు సమస్య 'పిల్లి పెంచిన ఎలుకయే పెద్ద దిక్కు'. నేను 'ఎలుక యే పెద్ద దిక్కు?' అని విరిచాను. ఇదే 'యే', ఇదే యడాగమం. ఆ రోజు మీరు 'బలవంతపు విరుపు, చెవికి తోచదు' అని రాశారు. నేను ఆ పేజీ తీసి ఇప్పుడే మళ్ళీ చదివాను. తూలూజ్ నుంచి వస్తే నిర్దుష్టం, రాజమండ్రి నుంచి వస్తే బలవంతమా?

యతిమిత్ర:
సంధి విషయంలో మీరన్నది నిజం. ఆ రోజు 'బలవంతం' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తేడా ఎక్కడంటే, మీ పద్యంలో ఆ ప్రశ్న అడిగేది ఎవరో తెలియలేదు. ఇక్కడ మూడో పాదంలోనే ఊరివాళ్ళు గొంతు విప్పారు. విరుపుకు ముందు మనిషి నిలబడాలి.

పాతపంతులు:
ఇద్దరూ ఒక మాట వినండి. సమస్య ఇచ్చేవాడు చివరి పాదం ముందే చేతిలో పెడతాడు, మిగతా మూడూ మనం కట్టుకోవాలి. ఈ నవలలూ అంతే. శవం ముందు దొరుకుతుంది, వంట దాకా వెనక్కి నడవాలి. ముప్పై ఏళ్ళుగా పూరణలు రాస్తున్నాను, ఆ పుస్తకాలు చేతికొస్తే తెల్లవారేదాకా ఎందుకు వదలలేనో ఈ వారమే అర్థమైంది.

వంటింటివాణి:
తమ్ముడూ, ఆ ట్రఫుల్‌ని గుడ్లతో కలిపి మూతపెట్టి ఉంచితే పెంకులోంచి కూడా వాసన లోపలికి పడుతుందట కదా?

తూలూజ్‌తమ్ముడు:
అవునక్కా. సీసాలో పెట్టి రెండు రోజులు ఉంచాను. మూడో రోజు అట్టు వేస్తే, ట్రఫుల్ ఇంకా కోయకుండానే ఇల్లంతా అదే వాసన. మా ఆవిడ పచ్చిమిర్చి వేద్దామంది, చెయ్యి పట్టుకుని ఆపాను.

గోదారిగట్టు:
యతిమిత్ర గారికి ఊరు కావాలి కదా. తమ్ముడి సంత చదివాక మొదటి రెండు పాదాలూ మళ్ళీ రాశాను.

ట్రఫుల బుట్టలు వరుసగా లాలుబెంకు
బాట నిండగ నడుమన బాకు మెరయు;
చావు కబురైన చవులూరు చదువరులము,
విషము కలిపిన వంటయే విందు మాకు.

పాతపంతులు:
'ట్ర'లో రేఫకు 'లా'తో యతి. చూశారా మిత్ర గారూ?

యతిమిత్ర:
చూశాను. చెల్లింది. బాకు బుట్టల మధ్యకు వచ్చాక మెరుపు పెరిగింది. గట్టు గారూ, ఆ పిల్లి పద్యం కూడా మొదటి మూడు పాదాలతో ఇంకోసారి ఇక్కడ పెట్టండి, చదువుతాను.