రోహిణి కార్తె సామెత బెంగళూరుకు వర్తిస్తుందా?

ప్రశ్న: "రోహిణిలో రోళ్లు పగులుతాయి" అంటారు. ఇక్కడేమో మేలోనే వానలు. మేడమీద కుండీల్లో బెండ గింజలు మృగశిర దాకా ఆపాలా?

జవాబు: ఆపక్కర్లేదండీ. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులుంటాడు, అదే ఒక కార్తె. రోహిణి మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. తెలుగునాట అప్పుడు ఎండ మండిపోతుంది. బెంగళూరులో ఏప్రిల్‌లోనే ముదిరి, మే జల్లులకు తగ్గుతుంది. గింజలు రాత్రంతా నానబెట్టి అరంగుళం లోతున పెట్టండి.

జవాబు: కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోతే గింజ కుళ్లుతుంది, ముందు అవి చూసుకోండి.

జవాబు: ఊళ్లో మెట్టపొలం ఉంటే మాత్రం తొలిజల్లుకే విత్తొద్దు. నేల జానెడు లోతు తడవాలి, లేదంటే మొలకొచ్చి మాడిపోతుంది. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర వస్తుంది. "ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి" అని రైతులు దానికోసమే చూస్తారు.