పెరట్లో కుక్కపిల్లకు ఒంటికి రెంటికి ప్రత్యేకమైన చోటు: అనుభవం ఉన్నవారి సలహా కావాలి

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము ఈ దేశానికి వచ్చి నాలుగు నెలలైంది. పోయిన నెలలో పెరడున్న ఇంట్లోకి అద్దెకు మారాము. పిల్లలు చాలా కాలంగా అడుగుతూ ఉండటంతో మూడు నెలల ఆడ కుక్కపిల్లను తెచ్చుకున్నాము. అది ఇప్పుడు గడ్డిలో ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటోంది, మా పిల్లలు అదే గడ్డిలో చెప్పులు లేకుండా ఆడుకుంటున్నారు. పెరట్లో ఒక మూలను దాని కోసం కేటాయించి, అక్కడికే వెళ్ళేటట్టు అలవాటు చేయాలని ఉంది. ఎంత చోటు కావాలి? కింద గులకరాళ్ళు పరవాలా, చెక్క పేళ్ళు వేయాలా, కృత్రిమ గడ్డి మంచిదా? పెరడు చివర కొంచెం పల్లంగా ఉంటుంది, వాన పడితే అక్కడ నీళ్ళు నిలుస్తాయి. ఆ మూల ఎవరూ వాడరు కాబట్టి అక్కడే పెడదామనుకుంటున్నాము. దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి జవాబు

అమ్మా, కింద ఏం పరవాలన్నది తరువాత చూసుకోవచ్చు. ముందు మీ అద్దె ఒప్పందం తీసి, పెరడు గురించి ఏం రాసి ఉందో చదవండి. కుక్కను పెంచుకోవడానికి ఇచ్చే అనుమతి వేరు, నేలను మార్చడానికి ఇచ్చే అనుమతి వేరు. మొదటిది ఉంటే రెండోది కూడా ఉన్నట్టేనని నేను అనుకోవడం వల్ల ఎంత నష్టపోయానో చెబుతాను.

మేము అద్దెకున్న ఇంట్లో నేను సరిగ్గా మీరు అనుకుంటున్న పనే చేశాను. ఇంటి యజమానికి ఫోన్ చేస్తే "పెరట్లో మీకు నచ్చినట్టు చేసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు" అన్నారు. ఆ మాట నమ్మి ఎనిమిది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పున గడ్డిని వేళ్ళతో సహా తీసేసి, నాలుగు అంగుళాలు తవ్వి, గులకరాళ్ళు పోశాను. తవ్వేటప్పుడు గడ్డికి నీళ్ళు పెట్టే గొట్టం ఒకటి పారకు తగిలి పగిలింది. దాన్ని నేనే బాగు చేయించాను. రెండేళ్ళు ఏ గొడవా లేకుండా గడిచింది. ఇల్లు ఖాళీ చేసిన మూడు వారాలకు ఒక ఉత్తరం వచ్చింది. గులకరాళ్ళు తీయించినందుకు కొంత, కొత్త గడ్డి పరిచినందుకు కొంత, గొట్టం మళ్ళీ వేయించినందుకు కొంత, పెరడంతా ఉన్న పసుపు మచ్చలకు కొంత కలిపి, మేము కట్టిన డిపాజిట్‌లో సగానికి పైగా పట్టుకున్నారు. ఫోన్లో ఇచ్చిన అనుమతి గుర్తు చేస్తే, అలా అన్నట్టు తమకు జ్ఞాపకం లేదన్నారు. ఆ మచ్చల్లో చాలావరకు మేము చేరేనాటికే ఉన్నాయని నాకు తెలుసు కానీ, చేరిన రోజు పెరడును ఫొటో తీసుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. చివరికి మా అమ్మాయి పుట్టినరోజు ఫొటో ఒకటి దొరికింది. అది కుక్కను తెచ్చుకోవడానికి రెండు నెలల ముందు తీసినది. పిల్లల వెనకాల గడ్డిలో మచ్చలు స్పష్టంగా కనిపించాయి. ఆ ఒక్క ఫొటోతో మచ్చల కింద పట్టుకున్న మొత్తం వెనక్కి వచ్చింది, మిగిలినది రాలేదు.

అందువల్ల ఈ రోజే పెరడు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ఎంత చోటు, ఏ మూల, కింద ఏం పరుస్తారు, వెళ్ళేటప్పుడు తీసేయాలా వద్దా అన్నవి నాలుగూ రాసి ఈమెయిల్ పంపి, రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా పార పట్టుకోకండి. అనుమతి వచ్చాక కూడా, నేల కింద గ్యాస్, కరెంటు, నీటి లైన్లు ఎక్కడ ఉన్నాయో గుర్తులు పెట్టించుకోకుండా తవ్వకూడదు.

రెండో జవాబు

పై సభ్యులు చెప్పిన ఫొటోల మాట నిజమే కానీ, అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. మా ఇంట్లో రెండు పెద్ద కుక్కలు ఉన్నాయి, ఇలాంటి చోటు ఇప్పటికి మూడుసార్లు కట్టుకున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ పల్లపు మూల వద్దు. నీళ్ళు నిలిచే చోట మూత్రం ఇంకదు, వాసన పోదు, కుక్కకు తడి నేల మీద కూర్చోవడం ఇష్టం ఉండదు. మెరకగా ఉండి, ఇంటి వైపుకు కాకుండా బయటి వైపుకు కొద్దిగా వాలుండే చోటు చూడండి. నూరు అడుగులకు అడుగో రెండడుగులో వాలుంటే సరిపోతుంది. కూరగాయల మడికి, పిల్లలు ఆడుకునే చోటుకు, బావి ఉంటే దానికి దూరంగా ఉండాలి. అదే సమయంలో ఇంటి తలుపుకు మరీ దూరం కాకూడదు, ఎందుకంటే మూడు నెలల పిల్ల పెరడంతా దాటి వెళ్ళేదాకా ఆపుకోలేదు. చుట్టుపక్కల గన్నేరు చెట్టు ఉందేమో చూసుకోండి. దాని ఆకు, పువ్వు, కాండం అన్నీ కుక్కకు విషమే, ఈ వయసు పిల్ల కనబడినదల్లా కొరుకుతుంది.

కుక్క కూర్చోబోయే ముందు వాసన చూస్తూ చుట్లు తిరుగుతుంది కాబట్టి, మీ కుక్క ఎదిగిన తరువాత ఉండబోయే పరిమాణాన్ని లెక్కలోకి తీసుకొని, రెండు మూడు చుట్లు తిరిగేంత చోటు ఇవ్వండి. చిన్న జాతి అయితే నాలుగడుగుల చదరం చాలు, పెద్ద జాతికి ఎనిమిది అడుగులు ఉంటే బాగుంటుంది.

పరచడానికి నా ఓటు గులకరాళ్ళకే. బఠాణీ గింజంత, గుండ్రటి రాళ్ళు తీసుకోవాలి. యంత్రంలో పగలగొట్టిన కంకరకు అంచులు వాడిగా ఉండి అరికాళ్ళు కోసుకుంటాయి. కింద నీరు దిగే గుడ్డ పరవాలి, ప్లాస్టిక్ షీటు పరిస్తే మూత్రమంతా దాని మీద నిలిచిపోతుంది. కృత్రిమ గడ్డి చూడటానికి బాగుంటుంది, కానీ ఎండలో కాలు పెట్టలేనంత వేడెక్కుతుంది, అడుగున మూత్రం పేరుకుంటే రోజూ కడిగినా వాసన వదలదు. చెక్క పేళ్ళు మెత్తగా ఉంటాయి, అయితే అవి కుళ్ళుతాయి కాబట్టి ఏడాదికోసారైనా మార్చుకోవాలి. కోకో గింజల పొట్టును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. చాక్లెట్‌లో కుక్కలకు హాని చేసే థియోబ్రోమిన్ అందులోనూ ఉంటుంది, ఆ తియ్యటి వాసనకు కుక్కలు తింటాయి.

మూడో జవాబు

ఇద్దరూ నేల గురించే రాశారు, కుక్క గురించి రాయలేదు. ఎంత చక్కటి చోటు కట్టినా దానికి అలవాటు కాకపోతే ఆ రాళ్ళ పక్కనే ఉన్న గడ్డిలోకి వెళ్ళి కూర్చుంటుంది. మా ఇంట్లో అదే జరిగింది.

కుక్కపిల్ల చిన్ననాటనే కాలి కింద తగిలే స్పర్శను బట్టి తన చోటును గుర్తుపెట్టుకుంటుంది. మీ పిల్ల గడ్డికి అలవాటు పడింది. ఒక్కసారిగా రాళ్ళ మీద నిలబెడితే అది ఆటస్థలమనుకుంటుంది. కనుక మొదట ఆ చోట మధ్యలో రెండు మూడు గడ్డి పెళ్ళలు ఉంచండి, తరువాత వారానికొకటి చొప్పున తీసేయండి. దాని మూత్రం తుడిచిన కాగితాన్ని, కొద్దిగా మలాన్ని అక్కడ పెడితే, వాసన పట్టుకొని వస్తుంది. ఇంట్లో చేసిన చోట మాత్రం ఆ వాసన మిగలకూడదు. అక్కడ ఎంజైముతో పనిచేసే క్లీనర్ వాడండి. అమోనియా కలిసిన క్లీనర్ వాసన మూత్రం వాసనలా ఉండి మళ్ళీ అక్కడికే రప్పిస్తుంది.

నిద్ర లేవగానే, తిన్న పావుగంట నుంచి అరగంటలోపు, ఆట అయిపోగానే, పడుకునే ముందు, పట్టీ వేసి, ప్రతిసారీ ఒకే దారిన తీసుకువెళ్ళండి. పగటిపూట వయసులో నెలకో గంట చొప్పున ఆపుకోగలదని లెక్క, అంటే మీ పిల్లకు మూడు గంటలు. అయితే అది గరిష్ఠమేనని గుర్తుంచుకొని అంతకన్నా ముందే తీసుకువెళ్ళండి. అక్కడ కదలకుండా నిలబడి, ఏదో ఒక మాట, ఇంట్లో అందరూ ఒకటే మాట, మెల్లగా అనండి. ఐదు నిమిషాల్లో వెళ్ళకపోతే లోపలికి తెచ్చి, కళ్ళ ముందే ఉంచుకొని, పది నిమిషాల తరువాత మళ్ళీ తీసుకువెళ్ళండి. వెళితే ఆ క్షణంలోనే, ఆ చోటే, తినడానికి చిన్న ముక్క ఇవ్వాలి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే, లోపలికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. పొరపాటున ఇంట్లో చేస్తే కొట్టడం, ముక్కు దానికి రుద్దడం చేయకండి. మనిషి ఎదుట చేయకూడదని నేర్చుకొని, సోఫా వెనక్కి వెళ్ళి చేస్తుంది. ఆ పొరపాటు నేను చేశాను, దాన్ని సరిదిద్దడానికి రెండు నెలలు పట్టింది.

మొదటి జవాబు రాసినవారు మళ్ళీ

గులకరాళ్ళు అద్దె ఇంటికి పనికిరావని నా అభిప్రాయం. ఇల్లు వదిలేటప్పుడు గడ్డిలో చెదిరిన ఒక్కొక్క రాయినీ ఏరాలి. గడ్డినే ఉంచి, కుక్క తాగే నీళ్ళలో కొంచెం టమాటా రసం కలిపితే మూత్రంలో ఆమ్లం తగ్గి గడ్డి మాడదని మా కార్యాలయంలో ఒకరు చెప్పారు.

రెండో జవాబు రాసినవారు మళ్ళీ

మన్నించండి, ఈ మాట నమ్మి కొత్తవారు ఎవరూ ఆ పని చేయకూడదని వెంటనే రాస్తున్నాను. గడ్డి మాడేది ఆమ్లం వల్ల కాదు, మూత్రంలోని నత్రజని, లవణాలు ఒకేచోట ఎక్కువగా పడటం వల్ల. మచ్చ మధ్యలో ఎండిపోయి, చుట్టూ మాత్రం ముదురాకుపచ్చ వలయం కనిపించడానికి కారణమూ అదే. అంచుల్లో తక్కువ మోతాదులో పడ్డ నత్రజని అక్కడి గడ్డికి ఎరువవుతుంది. ఆడ కుక్కలు కూర్చొని ఒకేచోట మొత్తం పోస్తాయి కాబట్టి మచ్చలు వాటికే ఎక్కువ. ఉప్పు కలిసిన టమాటా రసం లాంటివి నీళ్ళలో కలిపి తాగిస్తే కుక్కకు ఉప్పు ఎక్కువై కొత్త సమస్య రావచ్చు. గడ్డే ఉంచుకోదలిస్తే, కుక్క లేవగానే ఆ చోట ఒక బకెట్ నీళ్ళు పోయండి. ఇంతకు మించిన మందు నాకు తెలిసి లేదు.

రాళ్ళు ఏరే బాధ గురించి అన్నారు కాబట్టి ఒక మాట. నేల తవ్వకుండా, పైనే చెక్క చట్రం పెట్టి, గుడ్డ పరిచి, అందులో రాళ్ళు పోస్తే అవి చెదరవు. కింది గడ్డి మాత్రం పోతుంది, అందుకు యజమానితో ముందే ఒప్పుకోవాలి. ఆ ఒక్క విషయంలో మీరు చెప్పినదానితో ఏకీభవిస్తాను.

నాలుగో జవాబు

పెరట్లో చిన్న గొయ్యి తీసి మలాన్ని అందులో వేస్తే ఎరువుగా మారుతుంది కదా? సంచులు మోసే పని తప్పుతుంది.

మూడో జవాబు రాసినవారు మళ్ళీ

పిల్లలు చెప్పులు లేకుండా తిరుగుతారని ఆమె రాశారు, అందుకని నేను గట్టిగా వద్దంటాను. ఇంటి పెరట్లోని ఎరువు కుప్ప క్రిములు చచ్చేంత వేడెక్కదు. కుక్క మలంలోని ఏలికపాము గుడ్లు పడిన వెంటనే హాని చేయవు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు గడిచాక అంటుకునే దశకు వస్తాయి, ఆ తరువాత ఏళ్ళ తరబడి బతుకుతాయి. కొంకిపురుగు పిల్లలైతే వారం పది రోజుల్లోనే తయారై, వట్టి పాదాల చర్మం గుండా లోపలికి పోగలవు. రోజూ ఎత్తేస్తే ఈ రెండింటికీ ఆ సమయం దొరకదు. అందుకే ప్రత్యేకమైన చోటు పెట్టడంలో అసలు ప్రయోజనం, ఎత్తవలసింది ఎక్కడుందో వెతుక్కోనవసరం లేకపోవడమే. ఎత్తి, సంచిలో ముడివేసి, చెత్తలో వేయండి. కూరగాయలకు ఎరువుగా అసలే వాడకండి. వాసన పోవడానికి బ్లీచింగ్ పోయవద్దు, మూత్రంలోని అమోనియాతో కలిసి విషవాయువు పుడుతుంది. రాళ్ళను రెండు మూడు రోజులకోసారి నీళ్ళతో కడిగి, అప్పుడప్పుడు ఎంజైము క్లీనర్ చల్లితే చాలు.

ఇంకొక విషయం మీరు అడగలేదు కానీ చెప్పాలి. మీకు ముందు ఆ ఇంట్లో ఉన్నవారికి కుక్క ఉండేదేమో యజమానిని అడగండి. కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ మట్టిలో ఏడాదికి పైగా నిలిచి ఉండగలదు, మీ పిల్లకు టీకాలు పూర్తి కావడానికి పదహారు వారాల వయసు దాకా పడుతుంది. పాత కుక్క జబ్బుపడి ఉంటే, ఏ మూల వాడాలో పశువైద్యుణ్ణి అడిగాకే నిర్ణయించుకోండి. నులిపురుగుల మందు సంగతి కూడా అప్పుడే అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ఫొటోలు నిన్ననే తీశాము, యజమానికి ఈమెయిల్ పంపాము. నేల తవ్వని చట్రానికి ఆయన ఒప్పుకున్నారు, వెళ్ళేటప్పుడు గడ్డి విత్తనాలు చల్లి ఇవ్వాలని రాశారు. ఇంతకుముందు ఉన్నవారికి కుక్క లేదట. పల్లపు మూల వదిలేసి, వంటింటి తలుపుకు ఇరవై అడుగుల దూరంలో కంచె పక్కన ఎంచుకున్నాము. మరొక సందేహం, ఇక్కడ చలికాలంలో మంచు పడుతుందట. అప్పుడు ఏం చేయాలి?

రెండో జవాబు రాసినవారు

తలుపు నుంచి ఆ చోటు దాకా ఒక పార వెడల్పున దారి, ఆ చట్రం లోపల మొత్తం, మంచు ఎత్తేయాలి. పైన మంచు ఉంటే కుక్కకు స్పర్శ, వాసన రెండూ అందక గుమ్మం దగ్గరే కూర్చుంటుంది. మంచు కరగడానికి చల్లే ఉప్పు ఆ దారిలో వేయకండి, పాదాలు మంట పుట్టి అది నాకుతుంది. పొరుగువారి ఉప్పు అంటుకుని ఉంటుందనిపిస్తే, లోపలికి రాగానే గోరువెచ్చటి నీళ్ళతో కాళ్ళు తుడవండి. చీకటి త్వరగా పడుతుంది కాబట్టి కంచెకు ఒక దీపం ఇప్పుడే బిగించుకోండి, అయితే దానికి మేకులు కొట్టాల్సి వస్తే ఆ సంగతి కూడా యజమానికి ముందే రాయండి.