42 గోల్స్ కొట్టినవాడిని ఇంట్లో వదిలి వెళ్లడం న్యాయమేనా? జార్డెల్, స్కొలారీ, 2002

తొమ్మిదో నంబరు:
2002 జూన్ 3, మధ్యాహ్నం రెండున్నర. బయట ఎండ మండిపోతోంది, నేను టీవీ ముందు కూర్చుని బ్రెజిల్, టర్కీ మ్యాచ్ చూస్తున్నాను. కెమెరా రిజర్వ్ ఆటగాళ్ల వైపు తిరిగినప్పుడల్లా మరియో జార్డెల్ ముఖం కోసం వెతికాను. జట్టులో లేడని తెలిసీ వెతికాను. ఇన్నేళ్లయినా ఆ వెలితి తీరలేదు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. జార్డెల్ బ్రెజిల్ ఈశాన్య తీరంలోని ఫోర్తలేజాలో 1973లో పుట్టాడు. 1995లో గ్రెమియో జట్టు దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద కప్పు లిబర్తదోరెస్ గెలిచినప్పుడు 12 గోల్స్‌తో టోర్నీలో అందరికంటే ముందున్నాడు. తర్వాత పోర్టోలో నాలుగేళ్లు ఆడి, నాలుగేళ్లూ పోర్చుగల్ లీగ్‌లో అత్యధిక గోల్స్ కొట్టాడు. అక్కడ 125 లీగ్ మ్యాచ్‌ల్లో 130 గోల్స్! టర్కీ క్లబ్ గలతసరాయ్‌లో ఒక ఏడాది ఆడి, 2001లో మళ్లీ పోర్చుగల్‌కు, స్పోర్టింగ్ క్లబ్‌కు వచ్చాడు. ఆ సీజన్‌లో 42 లీగ్ గోల్స్ కొట్టి జట్టును ఛాంపియన్‌ను చేశాడు. యూరప్ లీగుల్లో గోల్స్ లెక్కన అగ్రస్థానంలో నిలిచినవాడికి ఇచ్చే గోల్డెన్ షూ రెండోసారి అందుకున్నాడు.

సరిగ్గా ఆ వేసవిలోనే ప్రపంచ కప్. 23 మంది జట్టులో జార్డెల్ లేడు. పక్కన పెట్టిన కోచ్ ఎవరు? గ్రెమియోలో అతనిని మెరిపించిన స్కొలారీయే. నా దృష్టిలో ఇది అన్యాయం. మీరేమంటారు?

కార్నర్ జెండా:
మీ అభిమానం అర్థమవుతోంది. కానీ మీ మాటల్లోనే నా జవాబు ఉంది. జార్డెల్ గురించి స్కొలారీకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? గ్రెమియోలో ఆర్సే, పౌలో న్యూనెస్ పక్కల నుంచి బంతులు ఎత్తి వేసేవారు, జార్డెల్ గోల్ ముందరి పెనాల్టీ బాక్సులో వాటిని అందుకునేవాడు. ఆ ఏర్పాటు చేసిన మనిషికి దాని ఖరీదు కూడా తెలుసు. జార్డెల్ ఉంటే జట్టు అంతా జార్డెల్ కోసం ఆడాలి. 2002లో ముందు వరసలో రొనాల్డో, రివాల్డో, రొనాల్డినో ఉన్నారు. వాళ్లు బంతిని నేల మీదే నడిపించేవాళ్లు.

ఇక బ్రెజిల్ చొక్కాలో జార్డెల్ లెక్క 10 మ్యాచ్‌లు, ఒకే గోల్. అతని స్థానంలో వెళ్లిన లుయిజావ్‌ను అందరూ తక్కువ చేస్తారు. 2001 నవంబరులో వెనిజులాతో చివరి అర్హత మ్యాచ్ 3-0తో గెలిచి బ్రెజిల్ గట్టెక్కింది, అందులో రెండు గోల్స్ అతనివే. మీరు చూసిన టర్కీ మ్యాచ్‌లో రొనాల్డో బదులు దిగి, చివర్లో పెనాల్టీ సంపాదించినదీ అతనే. టర్కీ డిఫెండర్ అల్పాయ్ చొక్కా పట్టి లాగింది బాక్సు బయటేనన్నది వేరే సంగతి. రివాల్డో కొట్టాడు, 2-1తో గెలిచారు. ఆ తర్వాత కప్పూ తెచ్చారు. ఇంకా తప్పు ఎక్కడుంది?

గోదావరి గట్టు:
పోర్చుగల్ లీగ్‌లో పోర్టో, స్పోర్టింగ్ లాంటి పెద్ద జట్లకు ఆడితే గోల్స్ రాకుండా ఎలా ఉంటాయి? గోల్డెన్ షూకు కూడా లీగ్ స్థాయిని బట్టి గుణకం ఉంటుంది. 1999-2000లో జార్డెల్ కంటే తక్కువ గోల్స్ కొట్టిన కెవిన్ ఫిలిప్స్‌కు ఆ షూ దక్కింది, ఎందుకంటే అతను ఇంగ్లాండ్‌లో కొట్టాడు.

తొమ్మిదో నంబరు:
గోదావరి గట్టు గారూ, 1996 సెప్టెంబరులో మిలాన్‌లో జరిగిన మ్యాచ్ గుర్తు చేస్తాను. యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్, శాన్ సిరో మైదానం. పోర్టో వెనకబడి ఉంది. 23 ఏళ్లు కూడా నిండని జార్డెల్ ద్వితీయార్ధంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగి రెండు గోల్స్ కొట్టాడు. పోర్టో 3-2తో గెలిచింది. ఎదురుగా ఉన్నది మిలాన్ రక్షణ శ్రేణి, పోర్చుగల్‌లోని చిన్న జట్టు కాదు. మీరు చెప్పిన అదే 1999-2000లో ఛాంపియన్స్ లీగ్‌లో అతను 10 గోల్స్‌తో రివాల్డో, రౌల్ పక్కన అగ్రస్థానంలో నిలిచాడు. 2000 ఆగస్టులో మొనాకోలో సూపర్ కప్, గలతసరాయ్‌కు ఎదురుగా రియల్ మాడ్రిడ్. 2-1తో గలతసరాయ్ గెలిస్తే రెండు గోల్సూ అతనివే, రెండోది అదనపు సమయంలో ఆటను అక్కడికక్కడే ముగించిన గోల్డెన్ గోల్.

కార్నర్ జెండా గారూ, శాన్ సిరో ఉదాహరణ మీకు కూడా. జట్టంతా అతని కోసం ఆడాలన్నారు. ఆ రోజు చివరి భాగం ఆడితే సరిపోయింది. నేను మొదటి పదకొండు మందిలో చోటు అడగడం లేదు. ఆ ప్రపంచ కప్‌లో బెల్జియంతో 67వ నిమిషం దాకా గోల్ లేక బ్రెజిల్ అల్లాడిన మ్యాచ్ గుర్తుందా? ఒక పక్క కాఫూ, ఇంకో పక్క రొబెర్తో కార్లోస్. బంతి ఎత్తి వేయడానికి ప్రపంచంలో వాళ్లకు మించినవాళ్లు ఉన్నారా? మధ్యలో దాన్ని తలతో అందుకునేవాడే లేడు.

పాత మైదానం:
నేను జిల్లా స్థాయిలో ఫార్వర్డ్‌గా ఆడాను. జార్డెల్ హెడర్లను, అంటే తలతో కొట్టిన బంతులను, వీడియోలో ఆపి ఆపి చూశాను. అతను ఎత్తరి కాబట్టి గెలిచాడని చాలామంది అనుకుంటారు. అసలు పని ఎగరకముందే జరిగిపోతుంది. క్రాస్ వేసేవాడు, అంటే పక్క నుంచి బంతి ఎత్తి వేసేవాడు, తల వంచి బంతిని చూసుకునే క్షణంలో డిఫెండర్ చూపు కూడా అటే పోతుంది. ఆ క్షణంలో జార్డెల్ అతని వీపు వెనకకు, దూరపు గోల్ స్తంభం వైపు రెండడుగులు జరుగుతాడు. బంతి గాలిలోకి లేచాక ముందుకు వస్తాడు. డిఫెండర్ నిలబడిన చోటు నుంచి ఎగరాలి, జార్డెల్ నడక మీద ఎగురుతాడు. అరడుగు తేడా. ఆ అరడుగులో వందలాది గోల్స్ ఉన్నాయి.

ఆ అరడుగు పోతే? వేగం తగ్గిన మిడ్‌ఫీల్డరు వెనక్కి తగ్గి ఆడగలడు. జార్డెల్ ఎక్కడికి తగ్గగలడు? అందుకే 2003 తర్వాతి కథ చూస్తే నాకు బాధ కలుగుతుంది. బరువు పెరిగి ఇంగ్లాండ్ క్లబ్ బోల్టన్‌కు వచ్చాడు, ప్రీమియర్ లీగ్‌లో 7 మ్యాచ్‌లు, సున్నా గోల్స్. ఆంఫీల్డ్ మైదానంలో లివర్‌పూల్‌పై లీగ్ కప్పులో కొట్టిన గోల్ ఒక్కటే అక్కడివాళ్లకు మిగిలిన జ్ఞాపకం. తర్వాత ఇటలీలో అంకోనా, అర్జెంటీనాలో న్యూవెల్స్, మళ్లీ పోర్చుగల్‌లో బెయిరా-మార్, సైప్రస్, ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ జెట్స్, మళ్లీ బ్రెజిల్, ఆ తర్వాత బల్గేరియాలో చెర్నో మోర్. కొకైన్ వాడినట్టు 2008లో టెలివిజన్‌లో తానే చెప్పాడు. ప్రపంచ కప్ అవకాశం పోవడమే ఇదంతా తెచ్చిందని కొందరు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. ఆ వేసవిలోనే అతని కాపురం కూడా విచ్ఛిన్నమైంది. మనిషి కుంగిపోవడానికి ఒకే కారణం చూపించి కోచ్ మీదకు నెట్టడం తగదు.

శ్రావణమేఘం:
పాత మైదానం గారూ, మీ హెడర్ వివరణ చదివి మళ్లీ ఆ వీడియోలు చూశాను, నిజం. కానీ ఆ ఊళ్ల జాబితాను శ్రాద్ధం మంత్రంలా చదవకండి. 34 ఏళ్ల వయసులో న్యూకాజిల్ జెట్స్‌కు ఆడిన 11 మ్యాచ్‌ల్లో గోల్ లేదు, సరే. అయినా సంచి సర్దుకుని ఇంకో ఖండానికి ఆడటానికి వెళ్లాడు. బ్రెజిల్ నుంచి బయటికి వెళ్లే ఫార్వర్డ్‌లలో ఎక్కువమంది బతుకు మొదటి నుంచీ ఇదే: ఆరు నెలల ఒప్పందం, తెలియని భాష, మళ్లీ విమానం. వాళ్లలో ఎవరికీ శాన్ సిరో రాత్రి లేదు. వాళ్లది వృత్తి అయినప్పుడు జార్డెల్‌ది పతనం ఎలా అవుతుంది?

పాత మైదానం:
మీ మాట తీసుకుంటున్నాను. జాలి ఎక్కువైంది. ఆట కావాలనుకున్నాడు, దొరికినచోట ఆడాడు.

కార్నర్ జెండా:
అసలు ప్రశ్నకు వద్దాం. తొమ్మిదో నంబరు గారూ, 23 మందిలో ఎవరిని తీసేస్తారు? పేరు చెప్పండి.

తొమ్మిదో నంబరు:
ఎడిల్సన్‌ను.

కార్నర్ జెండా:
ఇంగ్లాండ్‌తో రొనాల్డినోకు రెడ్ కార్డు పడింది, తర్వాతి మ్యాచ్ ఆడకూడదు. సెమీఫైనల్లో మళ్లీ టర్కీ. అతని చోట మొదటి నిమిషం నుంచి ఆడినది ఎడిల్సనే. బంతితో పరుగెత్తాలి, బంతి పోతే వెనక్కి వచ్చి అడ్డుపడాలి. జార్డెల్ చేస్తాడా ఆ పని?

తొమ్మిదో నంబరు:
చేయలేడు. ఒప్పుకుంటున్నాను, ఎడిల్సన్ ఉండాల్సిందే. అలాగైతే లుయిజావ్ స్థానం అడుగుతాను. వెనిజులా మ్యాచ్ రుణం స్కొలారీ తీర్చుకున్నాడు, అది అతని ధర్మం. కానీ నవంబరులో కొట్టిన రెండు గోల్స్‌కు జూన్‌లో చోటు ఇచ్చినప్పుడు, ఆ మధ్య నెలల్లో వారం వారం కొట్టినవాడికి ఏం ఇచ్చాడు? ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి, నా వాదన వదులుకుంటాను.