మలావీ బస్తాలా, సాహెల్ గుంతలా: ఆఫ్రికా మెట్ట సేద్యంలో మొదటి ఖర్చు దేనిపై పెట్టాలి?

నల్లరేగడి (చర్చ ప్రారంభం)

ఆఫ్రికా పంట దిగుబడుల ప్రస్తావన ఇక్కడ వచ్చిన ప్రతిసారీ చర్చ "రసాయన సేద్యమా, ప్రకృతి సేద్యమా" అనే మన ఇంటి తగాదాలోకి జారిపోతోంది కనుక, ఈసారి ప్రశ్నను కావాలనే ఇరుకుగా పెడుతున్నాను. సహారాకు దక్షిణాన ఉన్న ప్రభుత్వాల చేతిలో సేద్యానికి మిగిలే సొమ్ము తక్కువ. అందులో మొదటి వాటా ఎరువుల సబ్సిడీకి పోవాలా, లేక గుంతలు తవ్వడం లాంటి, వాన నీటిని, సేంద్రియ కర్బనాన్ని నేలలో నిలబెట్టే పనులకు పోవాలా?

నేను ఎరువుల పక్షాన వాదిస్తాను. 2006లో అబూజాలో సమావేశమైన ఆఫ్రికా దేశాధినేతలు, అప్పటికి హెక్టారుకు సుమారు 8 కిలోలుగా ఉన్న పోషకాల వాడకాన్ని 2015 నాటికి 50 కిలోలకు పెంచాలని తీర్మానించారు. ఆ గడువు ముగిసి ఏళ్లు గడిచినా సహారా దిగువ ప్రాంతపు సగటు అందులో సగానికి చేరలేదు. పంట తీసుకుపోయిన నత్రజనిని, భాస్వరాన్ని తిరిగి ఇవ్వకుండా నేల నుంచి దిగుబడిని ఆశించడం ఏ ఖండంలోనైనా చెల్లదు.

మలావీ ఉదాహరణ మీకందరికీ తెలిసిందే. 2005లో పంట దెబ్బతిని మొక్కజొన్న ఉత్పత్తి 12 లక్షల టన్నుల దరిదాపులకు పడిపోయినప్పుడు, దాతల అభ్యంతరాలను పక్కనపెట్టి బింగు వా ముతారికా ప్రభుత్వం ఎరువులకు, విత్తనానికి కూపన్లు ఇచ్చింది. మరుసటి ఏడాది పంట 26 లక్షల టన్నులకు చేరింది. 2007లో 30 లక్షల టన్నులు దాటగా, తిండికి అల్లాడిన దేశం జింబాబ్వేకు మొక్కజొన్న ఎగుమతి చేసింది. గుంతలు తవ్వించి ఇంత వేగంగా ఒక దేశం మొత్తానికి తిండి పెట్టిన సందర్భం ఉంటే ఎవరైనా చూపించండి.

ఎర్రచెలక

నల్లరేగడి గారూ, మలావీలో నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఒకే కారు వర్షాధారం. మంచి ఏడాది అయితే మొక్కజొన్నకు సరిపడా వాన పడుతుంది కనుక అక్కడ మొదట కరువయ్యేది నత్రజనే. సహారా దక్షిణపు అంచున సాహెల్ అనే పొడి నేలల పట్టీలో, ఉత్తర బుర్కినా ఫాసోలోని యాతెంగా ప్రాంతపు లెక్క వేరు. జూన్ నుంచి సెప్టెంబరు లోపల కురిసే ఆ కాస్త వానలో పెద్ద భాగం, పైపొర అట్టకట్టి గట్టిపడిన నేలలోకి ఇంకకుండా జారిపోతుంది. అలాంటి నేల మీద యూరియా చల్లితే, మొదటి జడివానకు ఆ సబ్సిడీ కూడా నీటితోపాటే వాగులో కలుస్తుంది.

1980ల కరువు కాలంలో యాకూబా సవడోగో అనే రైతు అక్కడి పాత పద్ధతికి మెరుగులు దిద్ది, ఎండాకాలంలోనే గుంతలు తవ్వి పశువుల ఎరువు నింపాడు. 20 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పు, 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతు ఉండే ఆ గుంతలను జాయి అంటారు. ఎరువు కోసం వచ్చిన చెదపురుగులు అడుగున సొరంగాలు చేస్తే, వాన నీరు వాటి గుండా లోపలికి దిగుతుంది. బీడుగా వదిలేసిన భూమిలో జొన్న, సజ్జ పండాయి. గుంతలో వేసిన ఎరువులోంచి మొలిచిన చెట్లు అడవయ్యాయి. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం దక్కింది. 2023 డిసెంబరులో కన్నుమూశారు.

సాహెల్‌లో రసాయన ఎరువు వద్దని నేను అనను. మన పటాన్‌చెరులో ప్రధాన కేంద్రమున్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, నైజర్‌లోని సదోరే కేంద్రంలో సజ్జ మీద చేసిన పనిని చూడండి. శీతల పానీయం సీసా మూతతో కొలిచి, కుదురుకు చిటికెడు ఎరువు విత్తనంతోపాటే వేయిస్తారు. కుదురుకు 2 గ్రాముల డీఏపీ చొప్పున, హెక్టారుకు పదివేల కుదుళ్లు వేసుకుంటే 20 కిలోలు. అందులో నత్రజని, భాస్వరం కలిపి 13 కిలోలకు లోపే. నీరు నిలిచిన చోట వేరు పక్కనే పడిన ఆ 13 కిలోలు చేసే పని, నీరు నిలవని చోట అబూజా వారి 50 కిలోలు చేయలేవు.

లిలాంగ్వే ప్రవాసి

నేను మలావీలో కొన్నేళ్లుగా వ్యవసాయ సరుకుల రవాణాలో ఉన్నాను కనుక బస్తా సంగతి నాకు దగ్గరగా తెలుసు. అక్కడ ఒక కుటుంబానికి కూపన్ల మీద అందుతూ వచ్చినవి 50 కిలోల బస్తాలు రెండు: ఒకటి దుక్కిలో వేసే 23:21 మిశ్రమ ఎరువు, రెండోది పైపాటుగా వేసే యూరియా. రెండింటిలో కలిపి నత్రజని 34.5 కిలోలు. కిలో నత్రజనికి 20 కిలోల గింజ వస్తే 690 కిలోల మొక్కజొన్న అదనంగా చేతికొస్తుంది. 8 కిలోలే వస్తే 276 కిలోలు. అవే బస్తాలు, అదే ఖర్చు. ఈ రెండు అంకెల్లో ఏది దక్కుతుందో తేల్చేవి నేలలోని కర్బనం, విత్తిన తేదీ, కలుపు తీసిన వేళ, అన్నిటికంటే ముందు బస్తా ఊరికి చేరిన రోజు. సముద్రతీరం లేని దేశం కావడం వల్ల ఎరువు బెయిరా, నకాలా, దారెస్సలాం రేవుల నుంచి లారీల్లోనో రైళ్లలోనో రావాలి. దుక్కి ఎరువు తొలివాన కురిసిన నెలకు చేరితే అది సగం వృథా అయినట్లే. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

2006, 2007 దిగుబడుల గురించి ఒక మాట చెప్పాలి. ఆ రెండేళ్లూ వానలు బాగా కురిశాయి కనుక పెరుగుదల మొత్తాన్ని కూపన్ల ఖాతాలో రాయడం సరికాదు. పైగా మిగులు ఉందని లెక్కలు చెప్పిన దేశంలో 2008 నాటికి మొక్కజొన్న ధర ఎందుకు మండిపోయిందన్న ప్రశ్నకు, ఉత్పత్తి అంచనాలు ఎక్కువ చూపారన్న అనుమానం తప్ప గట్టి జవాబు నేను వినలేదు.

2020లో పథకం పేరు మారి, లబ్ధిదారుల సంఖ్య 35 లక్షల కుటుంబాలు దాటింది. వ్యవసాయ బడ్జెట్‌లో సగానికి మించి ఈ ఒక్క పద్దుకే పోయిన ఏళ్లున్నాయి. ఇక విస్తరణాధికారికి మోటారు సైకిలు పెట్రోలు ఎక్కడి నుంచి వస్తుంది? బస్తా ఇచ్చే ప్రభుత్వం, దాన్ని ఎప్పుడు ఎలా వేయాలో చెప్పే మనిషిని మాత్రం పస్తు పెడుతోంది.

నల్లరేగడి

లిలాంగ్వే ప్రవాసి గారి లెక్క నాకు నచ్చింది. కానీ అది బస్తా సకాలంలో చేర్చాలని చెబుతుందే తప్ప, బస్తా మానేయాలని చెప్పదు. ఎర్రచెలక గారి వర్ణనలో మాత్రం గుంత తవ్వే మనిషి కనిపించలేదు. హెక్టారుకు పదివేలకు పైగా గుంతలు, అవీ ఎండకు రాయిలా బిగిసిన నేలలో, చేతిపారతో. వందల గంటల ఆ చాకిరీకి ఏ బడ్జెట్ పద్దులోనూ ఖర్చు రాయరు కాబట్టే అది చౌకగా కనిపిస్తుంది. జింబాబ్వేలో గుంతల సేద్యాన్ని ప్రచారం చేసినప్పుడు అక్కడి రైతులు షోనా భాషలో దానికి "తవ్వి చావు" అని పేరు పెట్టారు. 2020లో ప్రభుత్వం ఫుమ్వుద్జా పేరుతో ఆ గుంతలకే పెద్దపీట వేసి, తవ్వినవారికి విత్తనం, ఎరువు ఉచితంగా ఇచ్చింది. ఎరువు కోసం గుంత తవ్వారా, గుంత మీద నమ్మకంతో తవ్వారా అన్నది ఎరువు ఆగిన ఏడాది గాని తెలియదు. వలస పోని మగవారు, పశువులు, పేడ ఎరువు కుప్ప ఉన్న ఇంటికి జాయి సాధ్యం. ఒంటరి మహిళ నడిపే ఇంటికి ఆ తవ్వకం మోయలేని బరువు.

విత్తనాల అరుగు

గుంతలు, బస్తాలు అనే రెండు తలుపులే ఉన్నట్లు చర్చ సాగుతోంది. పశ్చిమ కెన్యాలో విక్టోరియా సరస్సు చుట్టుపక్కల ఏడాదికి రెండు వానకాలాలు. నీటి ఎద్దడి అంతగా లేకున్నా మొక్కజొన్న వేళ్లను స్ట్రైగా అనే పరాన్న కలుపు మొక్క పీల్చేస్తుంది. మన జొన్న చేలలో జొన్నమల్లె అని పిలిచేది ఈ జాతిదే. ఇసిపే అనే కీటక పరిశోధన సంస్థలో జియావుర్ ఖాన్ బృందం 1990లలో అభివృద్ధి చేసిన పద్ధతిలో, మొక్కజొన్న సాళ్ల మధ్య డెస్మోడియం, పొలం చుట్టూ నేపియర్ గడ్డి వేస్తారు. డెస్మోడియం వాసన కాండం తొలిచే పురుగు తల్లి రెక్కల పురుగులను తరిమితే నేపియర్ వాటిని ఆకర్షిస్తుంది. డెస్మోడియం వేళ్ల స్రావాలు స్ట్రైగా గింజను మొలిపించి, ఆతిథేయి మొక్కను అంటుకోకుండానే చంపేస్తాయి. పైగా అది పప్పుజాతి మొక్క కావడంతో నత్రజనినీ ఇస్తుంది. 2016లో పశ్చిమాఫ్రికాలో బయటపడి, రెండేళ్లకే కర్ణాటక మీదుగా మన మొక్కజొన్న చేలల్లోకి వచ్చిన కత్తెర పురుగు ఉధృతి కూడా ఆ పొలాల్లో తక్కువగా కనిపించింది. చిక్కల్లా ఏమిటంటే, ఆ గడ్డి తినడానికి పశువు ఉండాలి, డెస్మోడియం విత్తనం దొరకాలి.

ఇథియోపియా ఎత్తు భూముల్లో పేడ పొలానికి చేరకుండా పిడకలై పొయ్యిలోకి పోతుంది. అక్కడ వంటచెరకు సమస్య తేలకుండా కర్బనం గురించి ఉపన్యాసాలిచ్చి లాభం లేదు. ఆమ్ల నేలలకు సున్నం కావాలి. హెక్టారుకు టన్నుల లెక్కన సున్నం మోసుకెళ్లే బండి బాటలు లేని ఊళ్లలో అది రోడ్ల శాఖ పని అవుతుంది.

కర్రపెండలం పండే తేమ మండలాల్లో అతి పెద్ద విజయం ఈ రెండు పద్దుల్లోనూ లేదు. 1970లలో దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడిన పిండినల్లి ఆ పంటను తుడిచిపెట్టబోతుంటే, పరాగ్వేలో 1981లో దొరికిన ఒక చిన్న పరాన్న కందిరీగను నైజీరియాలోని ఇబాదాన్ పరిశోధన కేంద్రం నుంచి హాన్స్ హెరెన్ బృందం ఖండమంతా విడుదల చేసింది. రైతు ఒక పైసా ఖర్చు పెట్టలేదు, ఒక గుంత తవ్వలేదు.

తాండూరు కందులు

మాది తాండూరు వైపు తరతరాల కందుల వ్యాపారం కనుక ఒక్క విషయానికే పరిమితమవుతాను. మొక్కజొన్న, కంది, వేరుశనగ కలిపి వేస్తే నేలకు నత్రజని వస్తుందని మలావీ, మొజాంబిక్ రైతులకు అందరూ చెప్పారు, వారు విన్నారు. ఆ కందులు కొనేది ఎవరు? ప్రధానంగా మనమే. 2016-17లో మన దగ్గర కంది విరగపండి ధర కనీస మద్దతు ధర కంటే కిందికి పోయింది. 2017 ఆగస్టులో భారత ప్రభుత్వం కందుల దిగుమతికి ఏడాదికి 2 లక్షల టన్నుల హద్దు పెట్టింది. ముందే ప్రభుత్వాల మధ్య ఒప్పందం ఉన్న మొజాంబిక్‌కు ఆ హద్దు నుంచి మినహాయింపు దొరికినా అక్కడి రైతుకు కూడా ధర కుప్పకూలింది. అలాంటి ఒప్పందమేదీ లేని మలావీ కందికి ఆ దారి కూడా లేకపోయింది. ఏడాదికి 50,000 టన్నులు కొంటామన్న ఒప్పందం మలావీకి 2021లో గాని రాలేదు. మన రైతుకు ధర నిలబెట్టేందుకే ఆ హద్దు పెట్టారు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఢిల్లీలో వెలువడే ఒక ప్రకటన మీద మలావీ పొలంలో పంటల మార్పిడి ఆధారపడి ఉందని, "కంది వేయండి" అని సలహా ఇచ్చేవారు రైతుకు ముందే చెప్పాలి.

ఎర్రచెలక

చాకిరీ గురించి నల్లరేగడి గారు అన్నది నిజం. అందుకే నైజర్ ఉదాహరణ ఇంకా బలమైనదని నా అభిప్రాయం. మరాదీ ప్రాంతంలో 1980ల నుంచి టోనీ రినాడో ప్రోత్సహించిన పద్ధతిలో తవ్వకమూ లేదు, నారు నాటడమూ లేదు. పొలంలో నరికిన మొదళ్ల నుంచి వచ్చే చిగుళ్లలో కొన్నిటిని ఎంచి, కత్తిరించి, చెట్టుగా ఎదగనిస్తారు. సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి లేచాయి. అక్కడ గావో అని పిలిచే తుమ్మ జాతి చెట్టు వానకాలంలో ఆకు రాల్చి పంటకు వెలుతురు వదులుతుంది, ఎండాకాలంలో పశువుకు నీడ, కాయ ఇస్తుంది. ఇదంతా అంతకుముందే ఎందుకు జరగలేదంటే, వలస పాలన నాటి అటవీ చట్టం ప్రకారం రైతు పొలంలోని చెట్టు కూడా ప్రభుత్వానిదే; కొమ్మ నరికితే జరిమానా. 1980ల మధ్య నుంచి ఆ పట్టు సడలిన చోట చెట్టు పెరిగింది. ఖజానాకు దాదాపు భారం లేని చర్య ఇది, మీ "మొదటి వాటా" ప్రశ్నలో దీనికి చోటే లేదు.

లిలాంగ్వే ప్రవాసి

గావో చెట్టు మలావీలోనూ ఉంది, ఇక్కడ దాన్ని మ్సాంగు అంటారు. లిలాంగ్వే మైదానంలో పెద్ద మ్సాంగు చెట్టు కింద మొక్కజొన్న పచ్చగా ఉండడం దారిన పోయేవారికి కూడా కనిపిస్తుంది. అయితే ఆ చెట్టు పంటకు ఉపయోగపడే వయసుకు రావడానికి పదేళ్లకు పైనే కావాలి. ఎకరం, ఎకరంన్నర భూమి ఉన్న కుటుంబానికి వచ్చే జనవరి గడవాలి. డిసెంబరు నుంచి మార్చి వరకు గాదె ఖాళీ అయ్యే ఆకలి నెలలివి.

అందుకే మలావీ వరకు నా సలహా ఇది. యూరియా బస్తా సబ్సిడీ కొనసాగాలి. దుక్కి ఎరువు బస్తా స్థానంలో, ఆ విలువకు వేరుశనగ విత్తనమో, కంది విత్తనమో, సున్నమో, ఎరువో రైతే ఎంచుకునే కూపన్ ఇవ్వాలి. అక్టోబరు చివరికి ఊరికి చేరని సరుకుకు సరఫరాదారుకు బిల్లు చెల్లించకూడదు. లబ్ధిదారుల సంఖ్యను తగ్గించి, మిగిలిన సొమ్ముతో ఖాళీగా ఉన్న విస్తరణాధికారుల పోస్టులు నింపాలి.

నల్లరేగడి

బిల్లు షరతుకు నా పూర్తి సమ్మతి. లబ్ధిదారుల కోతకు కాదు; పేరు తీసేసే జాబితా తయారుచేసేది ఊరి పెద్దలే అయినప్పుడు, ముందు తెగేది ఎవరి పేరో మనకు మన రేషన్ కార్డుల అనుభవం చాలు. ఇక దుక్కి ఎరువుకు బదులు పప్పు విత్తనం అన్నదానికి నా అభ్యంతరం తాండూరు కందులు గారు చెప్పినదే: కొనే దేశం తలుపు మూసిన ఏడాది ఆ కుటుంబం దగ్గర అమ్ముడుపోని కంది, తగ్గిన మొక్కజొన్న రెండూ మిగులుతాయి. వేరుశనగ అయితే ఇంట్లో తినవచ్చు, ఊరి సంతలో అమ్మవచ్చు కనుక దానివరకు ఒప్పుకుంటాను. కందిని ఆ కూపన్‌లో చేర్చాలంటే, మలావీ ప్రభుత్వమే కనీస ధరకు కొంటానని విత్తుకు ముందే ప్రకటించాలి. దానికి సొమ్ము ఏ పద్దు నుంచి వస్తుందో ప్రవాసి గారు చెప్పాలి.