ఓరిబె పళ్లెంలో నిమ్మకాయ పులిహోర పెట్టాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మేం జపాన్‌లో, నగోయాలో ఉంటాం. పోయిన నెల తాజిమి అనే ఊరు వెళ్లినప్పుడు చిన్న కుమ్మరి స్టూడియోలో ఓరిబె పళ్లెం (గాజులాంటి పూత, అంటే గ్లేజు, వేసి కాల్చిన మట్టి పళ్లెం) కొన్నాను. ఒక మూల ముదురాకుపచ్చ, మిగతాదంతా తెలుపు, దాని మీద గోధుమరంగు గడ్డి బొమ్మ. మొన్న నిమ్మకాయ పులిహోర పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున తోమి చూస్తే తెల్లవైపు సాలెగూడు లాంటి సన్నగీతల్లోకి పసుపు దిగింది. ఆకుపచ్చ వైపు ఒకచోట మెరుపు పోయింది. పగిలిందంటారా? అసలు పళ్లెమే కొంచెం వంకర, అదీ లోపమేనా?

జవాబు: వంకర లోపం కాదండీ, ఓరిబె అందమే అది. ఫురుతా ఓరిబె (1544–1615) అనే జపాన్ తేనీటి వేడుకల గురువు అభిరుచి నుంచి వచ్చిన శైలి, ఆయన పేరే పెట్టారు. గీతల్ని అక్కడ కన్‌న్యూ అంటారు. కాల్చాక చల్లారేటప్పుడు మట్టికన్నా గ్లేజు ఎక్కువ కుంచించుకుపోయి అలా చిట్లుతుంది. అనుమానముంటే కుండ కొనేటప్పుడు చూసినట్టే వేలితో కొట్టి చూడండి. ఖంగుమంటే పర్వాలేదు.

పసుపుకి ఎండే మందు. తడిపి నాలుగు రోజులు ఎండలో పెట్టండి. వంటసోడా రాస్తే ముందు ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు.

ఇంకొకరు: ఆకుపచ్చ సంగతి వేరు. ఆ రంగు రాగిది. బట్టీలో గాలి బాగా ఆడితే పచ్చన, గాలి తగ్గిస్తే అదే రాగి ఎర్రన. పులుపు తగిలితే రాగి కొంత కరుగుతుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చారు కాయం కదా, ఇదీ అంతే. ఆ పులిహోర పారేశారనే అనుకుంటున్నా. పోయిన మెరుపు మాత్రం తిరిగి రాదు. (తమాషా ఏంటంటే, కాల్చాక పైన పట్టే మసక పొర వదలడానికి అక్కడి కుమ్మరులే పళ్లేల్ని పుల్లటి నీళ్లలో నానబెడతారు. కానీ అది లెక్క ప్రకారం.)

మళ్లీ మొదటివారు: వాడే ముందు ప్రతిసారీ కాసేపు నీళ్లలో ముంచితే మట్టి నీరు పీల్చుకుని మరకలు అంతగా పట్టవు. కొత్త పళ్లేన్నైతే బియ్యం కడిగిన నీళ్లలో సన్నసెగ మీద మరిగించి, అందులోనే చల్లారనివ్వాలి. బాగా ఆరాకే అల్మారాలో పెట్టండి, లేకపోతే బూజు పడుతుంది. మైక్రోవేవ్ వద్దు.

అడిగినవారు: ఖంగుమందండీ! మూడెండలకి పసుపు చాలావరకు పోయింది. పచ్చ మీద మచ్చ అలాగే ఉంది. ఇప్పుడందులో చేగోడీలు పెట్టాను.